నర్సమ్మ ఆగే ఇరవై సెకన్లు

మా నర్సు పెద్దమ్మ పోయిందన్న కబురు శుక్రవారం పదకొండు గంటలప్పుడు వచ్చింది. ఆస్పత్రి నుంచి అమ్మ ఫోన్ చేసింది. నేను అనకాపల్లిలో మా కేబుల్ ఛానల్ ఆఫీసులో కూర్చుని, తెర కింద పరిగెత్తే వార్తల వరస టైపు చేస్తున్నాను. "విన్నావా?" అంది అమ్మ. విన్నానన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, విన్నానంటే పెద్దమ్మ ఒప్పుకునేది కాదని. ఏం విన్నావో తిరిగి చెప్పమనేది. ఎవరూ లేని ఆ గదిలో, కీబోర్డు మీద చేతులలాగే ఉంచి, పైకే అన్నాను: "నర్సు పెద్దమ్మ పోయింది." అప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆవిడ మాకు చుట్టం కాదు. గవరపాలెంలో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ముప్పై ఏళ్ళకు పైగా చుట్టుపక్కల ఊళ్ళలో నర్సుగా చేసి రిటైరైంది. కొండకర్ల నుంచి పూడిమడక దాకా ఆవిడ సూది పడని జబ్బ లేదని మా వీధిలో అనుకునేవారు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. చేతి గడియారాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది, నాడి చూడ్డానికి వీలని. చూడ్డానికి ఏ నాడీ లేని రోజుల్లో కూడా అలాగే పెట్టుకునేది. పొద్దున్నే కట్టుడుపళ్ళ స్టీలు గ్లాసు గోడమీద పెట్టి, బోసినోటితోనే మా అమ్మతో కబుర్లు మొదలెట్టేది. సగం మాటలు మాకు అర్థమయ్యేవి కావు. "పెద్దమ్మా, ముందు పళ్ళు పెట్టుకుని రా" అనడం మా ఇంట్లో పాత హాస్యం. దీని గురించి నేను మళ్ళీ చెప్పాలి.

నాకు ఆరేళ్ళప్పుడు విరేచనాలు పట్టుకుని వేలాడిపోయానట. ఆవిడ వచ్చి అమ్మకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళెలా చెయ్యాలో చెప్పింది. మా అమ్మ బడిలో టీచరు. అర్థమైందక్కా అంది. ఆవిడ కదలలేదు. తిరిగి చెప్పమంది. అమ్మకు కోపమొచ్చి, చెంచాల లెక్క తారుమారు చేసి చెప్పింది. ఆరు చెంచాల ఉప్పు అనేసిందట. "సూసేవా టీచరమ్మా" అని, లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు అని మూడుసార్లు అనిపించి గాని గడప దాటలేదు. అమ్మ ఇప్పటికీ ఈ కథ చెప్పి తన మీద తనే నవ్వుకుంటుంది. తర్వాతెప్పుడో ఆవిడ నాతో అంది: "తెలిసిందా అని ఎవుల్నీ అడక్కే గుంటా. అడిగితే ఎవులైనా తెలిసిందనే అంతారు. తిరిగి సెప్పమను. అప్పుడు తెలుత్తాది నీకు, ఆల్లకేటి తెలిసిందో."

విశాఖపట్నంలో మైక్రోబయాలజీ చదివొచ్చి, హైదరాబాదులో ఏదైనా పెద్ద ఛానల్లో ఉద్యోగం దొరికేదాకా అనుకుంటూ నేను ఈ కేబుల్ ఛానల్లో చేరాను. ఆదివారం పొద్దున అరగంట ఆరోగ్య కార్యక్రమం నా నెత్తిన పెట్టారు. చెప్పడానికి పేరున్న డాక్టర్లు మా మెట్లెక్కి రారు. గోడవతల పెద్దమ్మ ఉంది. తీసుకొచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టాను.

మొదటి రోజే ఆవిడ కెమెరాలోకి చూసి ఒక ప్రశ్న అడిగి, ఆగిపోయింది. మాట మరిచిపోయిందనుకున్నాం. కాదు. గడియారం చూసుకుంటూ జవాబు కోసం ఆగింది. ఇరవై సెకన్లు. టీవీలో ఇరవై సెకన్లంటే ఎంతో చేసినవాళ్ళకు తెలుస్తుంది. మా కెమెరా బాబాయి పెళ్ళి వీడియోలు తీసి నెరిసినవాడు. "తాళి కట్టేకాడ కూడా ఇంతసేపు ఆగనేదమ్మా నా కెమెరా" అన్నాడు. ఇరవై సెకన్లయ్యాక ఆవిడ, ఎవరో జవాబు చెప్పినట్టు, "ఊఁ, అదీ" అని తలూపి ముందుకెళ్ళింది. నేను పక్కకు పిలిచి, అవతల ఎవరూ మాట్లాడరు పెద్దమ్మా, ఇది ఫోన్ కాదు అన్నాను. నన్ను జాలిగా చూసింది.

"సేతిలో సేట దించాల. సెయ్యి తుడుసుకోవాల. గుంటడు ఏడుత్తంటే సంకనెత్తుకోవాల. అప్పుడు కదా జవాబు సెప్పీది. ఆమాత్రం ఆగనేరేటి మీరు?"

అందుకని మొదట్లో ఆ మౌనాలు ఉంచేసేదాన్ని, అయిష్టంగానే. జనం నవ్వుకున్నారు, చూశారు కూడా. బజార్లో ఆవిణ్ణి ఆపి, ఆదివారం అడిగిన ప్రశ్నకు సోమవారం జవాబు చెప్పేవారు.

ఒకసారి పూడిమడక వెళ్ళాం. అక్కడ కొందరు ఆడవాళ్ళు చుట్టను మండే కొస నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. అంగిట్లో తెల్ల మచ్చలొస్తాయి, వదిలేస్తే క్యాన్సరు కావచ్చు. పెద్దమ్మ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. చేపలు ఎండబెడుతున్న ఒకావిడ పక్కన చతికిలబడి, నోరు తెరవమంది. నా హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అద్దం లాక్కుని ఆమె చేతికిచ్చి, నీ అంగిలి నువ్వే చూసి చెప్పు అంది. ఆమె చాలాసేపు చూసుకుంది. "కొంప కాలిపోతన్నట్టుంది నర్సమ్మా" అంది చివరికి. ఆ అద్దం నాకు మళ్ళీ దొరకలేదు. ఆమె మాత్రం బుధవారం బుధవారం మా వీధికి చేపల గంపతో రావడం మొదలెట్టింది. ముందు పెద్దమ్మకు నోరు తెరిచి చూపించేది, తర్వాతే గంప దించేది. చుట్ట మానేసిందా అంటే, తగ్గించిందట. పెద్దమ్మ దానికే సంబరపడేది.

ఇక నేను చేసింది చెప్పాలి.

పక్షవాతం మీద కార్యక్రమం చేశాం. ఈసారి విశాఖపట్నం నుంచి ఒక డాక్టరుగారు దొరికారు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే కొత్త పద్ధతి, వాటి బొమ్మలు, కదిలే వీడియోలు, అన్నీ ఇచ్చారు. ఎంత మెరుపుగా ఉందో. హైదరాబాదుకు పంపే దరఖాస్తుతో ఈ ఎపిసోడే జత చేద్దామనుకున్నాను. పెద్దమ్మ చెప్పింది తొమ్మిది నిమిషాలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను పిలవండి, నవ్వమనండి, ఆగింది. రెండు చేతులూ ఎత్తమనండి, ఆగింది. ఒక మాట పలకమనండి, ఆగింది. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి జారినా, మాట ముద్దయినా క్షణం ఆలస్యం చెయ్యొద్దు, ఆ ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది అంది. నేను ఆ తొమ్మిది నిమిషాలను రెండు చేశాను. మౌనాలన్నీ తీసేశాను. ఆవిడ మూడు వాక్యాలు తూటాల్లా వచ్చి వెళ్ళిపోయాయి. పైన అందమైన అక్షరాలతో లక్షణాలు నేనే రాశాను.

ఆదివారం మా ఇంట్లోనే కూర్చుని చూసింది. అయిపోయాక కాసేపు చీర చెంగు సర్దుకుంది. "బాగానే ఉందే. గాని, ఆల్లేటి సెప్పేరో నాకు ఇనపడనేదు" అంది. అంతే.

మర్నాడు నేను స్కూటీ తీస్తుంటే గోడ దగ్గర నిలబడి, చేతులెత్తి చూపించమంది. లక్షణాలు ఒకటొకటీ చెప్పమంది. నాకు తెలుసు పెద్దమ్మా, రాసిందే నేను కదా అన్నాను. తెలిస్తే సెప్పు మరి అంది. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాను. స్కూటీ అద్దంలో చూస్తే, గోడ మీదుగా ఆవిడ ఎత్తి చూపిన చెయ్యి ఇంకా పైకే ఉంది.

ఆ పై వారం బుధవారం. అమ్మ బడికెళ్ళింది, నేను ఆఫీసులో ఉన్నాను. తొమ్మిదీ ముప్పావుకు పెద్దమ్మ ఫోన్ చేసింది. గుంటా అని నన్ను పిలిచిన మాట ఒక్కటే తెలిసింది. తర్వాతిదంతా ముద్ద. ఏమిటి అన్నాను. మళ్ళీ అదే ముద్ద. నా ఎదురుగా తెర మీద మధుమేహం మీద సగం కోసిన ఎపిసోడ్ ఉంది. నవ్వాను కూడా. "పళ్ళు పెట్టుకున్నాక చెయ్యి పెద్దమ్మా" అని కట్ చేశాను. ఆవిడ మళ్ళీ చెయ్యలేదు. నాకు ఆ సంగతే గుర్తులేదు.

రెండు గంటలకు చేపలావిడ వచ్చింది. గంపతోనే పెద్దమ్మ ఇంటి గేటు తీసి లోపలికెళ్ళింది. ఆటో పిలిచింది ఆమే, పక్క వీధి వాళ్ళను కేకేసింది ఆమే. నేనూ అమ్మా ఆస్పత్రికి చేరేసరికి చీర నిండా చేపల నీళ్ళతో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"గుమ్మం కాడ కూకున్నాది. మూతి పక్కకెల్లిపోనాది. సేతులెత్తు నర్సమ్మా అన్నాను. ఎడం సెయ్యి లేసింది. కుడిది ఒళ్ళోనే ఉండిపోనాది. ఇంకేటి సూడమంతావు?"

అంత వెంటనే నీకెలా తెలిసిందని అడిగాను. నాకేటి తెలుసమ్మా అంది. టీవీలో గబగబా ఎలిపోనాదని, పోయిన బుధవారం ఆయమ్మే గంప దించనియ్యకుండా తనచేత పదిసార్లు చేతులెత్తించిందట. తనచేతే కాదు, వీధిలో దొరికిన ప్రతివాళ్ళచేతా. నేను కోసిన ఏడు నిమిషాలనూ ఆవిడ ఆ వారమంతా గడప గడపకూ తిరిగి చెప్పుకొచ్చిందన్నమాట.

డాక్టరు బయటికొచ్చి, ఎప్పుడు మొదలైందని అడిగారు. పక్షవాతంలో మొట్టమొదటి ప్రశ్న అదే. నా స్క్రిప్టులో కూడా ఉంది. చేపలావిడ, నేను రెండుకి సూసేను బాబూ అంది. అమ్మ నా వైపు చూసింది. పొద్దున్న తొమ్మిదీ ముప్పావుకే అన్నాను. డాక్టరు గడియారం చూసుకున్నారు, గడువు దాటిపోయిందన్నారు. స్కాను చూసి, గడ్డను గొట్టంతో లాగే పెద్దాస్పత్రికి పంపినా ఇప్పుడు లాభం లేదన్నారు. నీకెలా తెలుసని ఆయన అడగలేదు. ఆ కంగారులో అమ్మా అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆవిడ ఆ మంచం మీద తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజులూ చెప్పలేదు. ఇక్కడ, ఇలా, మొదటిసారి చెబుతున్నాను.

చేరిన రోజే ఒక సిస్టరు వచ్చి ఆవిడ వస్తువులు నా చేతికిచ్చింది. లోపలికి తిప్పి పెట్టుకునే గడియారం. ఒక ప్లాస్టిక్ కవరులో కట్టుడుపళ్ళు. ఇవెక్కడివి అన్నాను, ఎవరో ఇంటి నుంచి తెచ్చారనుకుని. "నోట్లోంచి ఇప్పుడే తీశామండి" అంది.

పళ్ళు పెట్టుకునే చేసింది నాకు.

ఆ పొద్దున నాకు అర్థమై ఉంటే బతికేదా అని తర్వాత డాక్టరుగారిని అడిగాను, ఎవరి గురించో అడిగినట్టు. చెప్పలేమమ్మా అన్నారు. ఆ మాట ఓదార్పు అనుకుంటే ఓదార్పు. నేను అనుకోలేకపోతున్నాను. అంగిట్లో మచ్చ చూసుకున్న మనిషికి గుర్తున్నది, అక్షరాలు దిద్ది తెర మీద పెట్టిన నాకు గుర్తురాలేదు. నాకు తెలుసు అన్నాను గాని, ఒక్కసారీ తిరిగి చెప్పలేదు. ఆవిడ పద్ధతిలో చూస్తే, నాకు తెలియదనే లెక్క.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం ఆ తొమ్మిది నిమిషాలనూ ఉన్నవి ఉన్నట్టు వేశాను. మౌనాలతో సహా. ఆఫీసులో ఒకరిద్దరు, తెర ఆగిపోయిందనుకుంటారేమో అన్నారు. అనుకోనీండి అన్నాను.

ఇంట్లోనే చూశాను. అమ్మ కుర్చీలో ఉంది. చేపలావిడ ఆదివారమైనా ఆటో ఎక్కి వచ్చింది, గంప లేకుండా. కింద చాప మీద కూర్చుంది. తెర మీద పెద్దమ్మ ఇస్త్రీ చీరలో, కొంచెం ముందుకు వంగి, రెండు చేతులూ ఎత్తమనండి అంది. మణికట్టు లోపలి గడియారం చూసుకుంది. ఆగింది.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. వీధిలో పక్కిళ్ళ టీవీలు కూడా అదే నిశ్శబ్దం. చేపలావిడ రెండు చేతులూ ఎత్తింది, గాజులు మోచేతుల దాకా జారాయి. అమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని ఎత్తింది. పెద్దమ్మ తొందర లేకుండా మా వైపే చూస్తోంది, చేట దించి చెయ్యి తుడుచుకునేవాళ్ళ కోసం, ఏడ్చే పిల్లాణ్ణి సంకనెత్తుకునేవాళ్ళ కోసం. అందరికంటే ఆఖరున నేను ఎత్తాను. ఎడమది. తర్వాత కుడిది. రెండూ పైకి లేచాయి.

ఊఁ అని ఆవిడ ఇంకా అనలేదు. చేతులు అలాగే ఉంచాం.