పూతరేకులకు వచ్చిన జవాబు

తొమ్మిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువెంతో కూడా తెలుసు. కొట్లో బేరం లేని ఒక మధ్యాహ్నం తక్కెడలో వేసి చూశాను. ముల్లు కదల్లేదు. ఒక్క ఎయిర్‌మెయిల్ కాగితం. దాన్ని నా టైపు లోయర్ సర్టిఫికెట్టు వెనక దాచాను. ఆ సర్టిఫికెట్టు చూడాలని ఎవరికీ ఎలాగూ బుద్ధిపుట్టదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే నవ్వుతారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

దానియేలు నా కాలేజీ స్నేహితుడు. పెనుగొండలో మాది కిరాణా కొట్టు, వాళ్ళది ఊరవతల పేట. పేటలో ఇళ్ళకు నంబర్లు లేవు గనక వాడి ఉత్తరాలు మా కొట్టు చిరునామాకే వచ్చేవి. ఎమర్జెన్సీకి ముందు సంవత్సరం వాడు ఏదో ఇంగ్లీషు పత్రికలో అమెరికా నల్లవాళ్ళ ఉద్యమం గురించి చదివాడు. వాళ్ళకు బస్సులో వేరే సీటు, మాకు హోటల్లో వేరే గ్లాసు అంటూ ఆ ఉద్యమం నడిపే సంఘానికి ఆరు పేజీల ఉత్తరం రాశాడు. కొన్ని నెలలకు వాళ్ళ పత్రికల కట్ట వచ్చింది. అందులో ఉత్తరం లేదు.

నేను ఊరుకుని ఉండొచ్చు. కానీ బుడగ కనిపిస్తే సూది వెతుక్కునే రకం నేను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని, వాళ్ళే రాసినట్టు ఒక జవాబు టైపు చేసి, కట్ట మధ్యలో దూర్చి ఇచ్చాను. "కామ్రేడ్, మీ ఉత్తరం చదువుతుంటే మా కమిటీ అంతా లేచి నిలబడింది" అని మొదలుపెట్టాను. దొరికిపోవాలనే చివర్లో, మీ వైపు పూతరేకులు బాగుంటాయట, పంపగలరు అని చేర్చాను. అమెరికా విప్లవకారులకు ఆత్రేయపురం పూతరేకులేంటని వాడు నవ్వి, నన్ను నాలుగు తంతాడనుకున్నాను.

వాడు నవ్వలేదు. పేటంతటికీ చదివి వినిపించాడు. మర్నాడు వాళ్ళ నాన్న మా కొట్టు మెట్టు దగ్గర ఆగాడు.

"బాబుగారూ, మావోడు గబగబా సదివేశాడండి. మీరోసారి నిదానంగా సెప్పండి. ఆళ్ళు నిజంగానే లేచి నిలబడ్డారాండి?"

"నిలబడ్డారంటండి." ఆయన్ని అండి అనడం నాకదే మొదటిసారి.

"మావోడి ఉత్తరానికే?"

"అవునండి."

"కూకునే సదూకోవచ్చు గదండీ!" అని నవ్వాడు. వెళ్ళబోతూ తిరిగి, "ఏ పూతరేకులు పంపమంటారండి? పంచదారవా, బెల్లంవా?"

అప్పుడు చెప్పాల్సింది. బెల్లంవి అన్నాను.

ఆయన గోదావరి దాటి వెళ్ళి తెచ్చాడు. రేకుడబ్బాలో సర్ది, పైన గుడ్డ కుట్టి, లక్క ముద్రలేసి పార్సిలు పంపారు. గుడ్డ మీద చిరునామా రాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుందని.

ఇదంతా వెక్కిరింత. నేను ఒప్పుకోవలసింది ఇది కాదు.

అయిదు నెలలకు జవాబు వచ్చింది. అసలుది. ఎవరో ఆవిడ చేత్తో రాసింది. మీ మొదటి ఉత్తరానికి బదులు రాయలేకపోయాం, క్షమించండి అంది. డబ్బా చేరిందట. లోపలంతా పొడైపోయిందట. అదేమిటో తెలియకపోయినా, వాళ్ళ సంఘం పొద్దున్నే పేదపిల్లలకు తిండి పెట్టే చోట అందరూ స్పూన్లతో పంచుకు తిన్నారట. చివర్లో అడిగింది: ఇదేమిటి? దీన్ని చేసిన చేతులెవరివి? మీ వాళ్ళ గురించి ఇంకా రాయండి.

బదులు రాయలేకపోయాం అన్న ఒక్క ముక్క చాలు, నా బండారం బయటపడటానికి. అందుకే దాచాను. రెండు రోజులే అనుకున్నాను.

భయమేనా? భయమే అయితే ఎప్పుడో తగ్గేది కదా? మా మెట్టు దగ్గరే ఆగిపోయే మనిషిని, సముద్రాల అవతలి నుంచి ముక్కూమొహం తెలియని ఆవిడ మీ సంగతులు చెప్పండి అని అడిగితే, రోజూ ఎదురుగా కూర్చున్న నాకు ఒక్కనాడూ అడగాలని తోచలేదే అన్న కుళ్ళేమో అది. ఏమో.

దానియేలు రోజూ సాయంత్రం కొట్టు ముందు ఆగేవాడు.

"ఏమన్నా వచ్చిందేంట్రా?"

"లేదురా. ఇంకా తింటున్నారేమో."

నా జోకులన్నిటిలో నిజమైంది అదొక్కటే. వాడు మళ్ళీ వాళ్ళకు రాయలేదు. వాళ్ళ నాన్న పోయేముందు, పంచదారవి పంపాల్సిందేమోరా అన్నాడట.

ఇప్పుడు దానియేలు మాస్టారు. పేటలో రీడింగ్ రూమ్ పెట్టాడు. నేను టైపు కొట్టిన ఉత్తరం అక్కడ గోడకు, అద్దాల ఫ్రేములో ఉంది. అమెరికాలో ఏదో యూనివర్సిటీ వాళ్ళు ఆ ఉద్యమం కాగితాలూ, దానికి తోడు నిలిచిన బయటి దేశాలవాళ్ళ ఉత్తరాలూ భద్రపరుస్తున్నారట. వాడు ఫ్రేము విప్పి దాన్నే పంపుతున్నాడు. కవరింగ్ లెటరు టైపు చెయ్యమని నాకిచ్చాడు. నా పూతరేకుల ముక్క అక్కడ బీరువాలో చరిత్రగా ఉంటుంది. ఆవిడ రాసింది ఇక్కడ లోయర్ సర్టిఫికెట్టు వెనక ఉంటుంది. అదీ సెకండ్ క్లాసు.

రేపు సాయంత్రం కవరింగ్ లెటరు కోసం వస్తాడు. అలవాటుకొద్దీ అదే అడుగుతాడు, ఏమన్నా వచ్చిందేంట్రా అని. వచ్చిందిరా అనాలి. పొద్దుట అద్దం ముందు నిలబడి రెండుసార్లు అని చూశాను. రెండుసార్లూ లేదురా అనే వచ్చింది.

మీ ముందు మాత్రం నోరు తిరిగింది. వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందటే వచ్చింది.