సంఘ పెద్దలకు నేను చెప్పని మాట

వికారాబాదులో శిక్షణ ముగించుకొని బైబిలు స్త్రీగా పనిలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. తాండూరు దారిలో ఉన్న నాలుగైదు ఊళ్ళు నాకు అప్పగించారు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం, ప్రార్థన నేర్పడం, బాప్తిస్మానికి సిద్ధమైనవాళ్ళ సంగతి మా పాస్టరుగారికి తెలపడం నా పని. ఆయన్ని అందరం అయ్యగారు అనేవాళ్ళం. ఊళ్ళలో ఆడవాళ్ళు నన్ను టీచరమ్మ అనేవాళ్ళు. రైలు దిగి కందిచేల మధ్య నడుస్తూ, ఒక్కొక్క ఇంటినీ దేవుని కోసం గెలుస్తున్నానని అనుకునేదాన్ని.

ఆ ఊళ్ళలో ఒకచోట, పటేలు దగ్గర జీతం ఉండే మనిషి ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకుంటామని ముందుకొచ్చాడు. ఆయనకు ఇద్దరు భార్యలు. పెద్దామెకు పదేళ్ళయినా పిల్లలు కలగకపోతే, తానే పోయి పుట్టింటి చుట్టాల్లో తండ్రి లేని పిల్లను చూసి, పెనిమిటికి చేసి తెచ్చుకుంది. చిన్నామెకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. వాళ్ళలో పెద్దపిల్ల పెద్దామె పక్కలోనే పడుకునేది, ఆమెనే అమ్మా అని పిలిచేది.

ఈ సంగతి వికారాబాదులో సంఘ పెద్దల ముందుకు వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలోనే చాపల మీద కూర్చున్నారు. పని విరమించిన బడిపంతులు ఒకాయన ముందుగా మాట్లాడాడు.

"ఉన్నోళ్ళను ఉన్నట్టే తీసుకుందాం. ఒక్కతే భార్య ఉండాలని బైబిల్ల పౌలు రాసింది సంఘంల పెద్దరికం చేసేటోళ్ళకు. ఈయనకు పెద్దరికం ఇయ్యకుంటె సరిపాయె. ఆడమనిషిని ఇంట్లకెల్లి ఎల్లగొట్టుమని ఏడ రాసి ఉంది?"

రైల్వేలో పనిచేసే ఇంకో పెద్ద ఒప్పుకోలేదు. "ఢిల్లీల కొత్త చట్టం వచ్చె. హిందువులకే రెండో పెండ్లి తప్పయితుంటే మనం గుడిలకు తోలుకొస్తమా? ఊరోళ్ళు నవ్వరా?"

అప్పటికే అయిన పెళ్ళిళ్ళను ఆ చట్టం ముట్టుకోదని బడిపంతులు చెప్పి చూశాడు. ఎవరూ వినిపించుకోలేదు. అయ్యగారు ఎటూ తేల్చుకోలేక నా వైపు తిరిగారు.

"ఆ ఇల్లు నీకు ఎరుకే గద బిడ్డా. పెద్దామె ఏమంటది?"

పెద్దామె ఏమన్నదో నాకు బాగా తెలుసు. నాలుగు రోజుల కిందటే నా చెయ్యి పట్టుకొని చెప్పింది: "దాన్ని పొమ్మంటె నన్ను గూడ పొమ్మన్నట్టే బిడ్డా. తెచ్చింది నేను. మీ పెద్దలకు నా మాటగ చెప్పు."

ఆ మాట చెబితే అయ్యగారు బడిపంతులు వైపు మొగ్గుతారని కూడా నాకు తెలుసు.

"సంఘం ఎట్ల చెప్తె అట్ల వింటది అయ్యగారూ" అన్నాను.

అబద్ధమాడుతున్నానని అప్పుడు అనిపించలేదు. సంఘం పరిశుద్ధతను కాపాడుతున్నాననుకున్నాను. అంతమంది మగవాళ్ళ మధ్య నా మాట చెల్లిందన్న గర్వం కూడా ఉంది. అది నాకు నేనే ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

చిన్నామె వేరుగా వెళ్తేనే ఆ ఇంటికి బాప్తిస్మమని తీర్మానించారు. చెప్పి రావడానికి నన్నే పంపారు.

నేను వెళ్ళేసరికి చిన్నామె వాకిట్లో కందులు చెరుగుతోంది. నేను చెప్పింది విని చేట కింద పెట్టింది.

"గా బాప్తిస్మం నాకు గూడ ఇయ్యరాదా?"

"నువ్వు వేరే ఉంటె నీకు గూడ ఇస్తరు చెల్లె. ఇదంత నీ ఆత్మ కోసమే."

"ఆయన పొమ్మన్నడా?"

గడపలో కూర్చున్న భర్త తల ఎత్తలేదు. పెద్దామె మాత్రం నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా మాట చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన" అన్నాను.

మర్నాడే చిన్నామె చంటిదాన్ని ఎత్తుకొని తాండూరు అవతల అన్న ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దపిల్ల పెద్దామె దగ్గరే ఉండిపోయింది. మిగిలినవాళ్ళకు ఆ నెలలోనే బాప్తిస్మమిచ్చారు. పాటలు నేనే పాడించాను. పెద్దామె నోరు కదపలేదు.

ఐదారేళ్ళ తర్వాత నన్ను తాండూరుకు మార్చారు. ఒక పొద్దున బండలు కోసే కార్ఖానా ముందు నుంచి పోతూ, నెత్తిన రాళ్ళు మోస్తున్న ఆడవాళ్ళలో చిన్నామెను చూశాను. నాకంటే ముందే ఆమె నన్ను గుర్తుపట్టింది.

"బాగున్నవా టీచరమ్మా?"

"బాప్తిస్మం తీసుకున్నవా?" అని అడిగాను. అప్పటికీ నా నోటికి ముందుగా వచ్చింది అదే.

"మా అన్న ఊర్ల గుడికి పోయి అడిగిన. నీ మొగడెవరన్నరు. లేడన్న. మరి పిల్ల ఎవరిదన్నరు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. పేరు రాసుకొని, పిలుస్తమన్నరు. పిలువలె."

నెలకోసారి పెద్దామె పెద్దపిల్లను వెంటబెట్టుకొని తాండూరు అంగడికి వస్తుందని కూడా ఆమే చెప్పింది. నలుగురూ ఒకచోట కూర్చొని తెచ్చుకున్న రొట్టెలు తిని, సాయంత్రం రైలు వేళకు విడిపోతారట. ఆ ఇంటి సంగతులన్నీ తెలుసనుకున్న నాకు ఇన్నేళ్ళూ ఎవరూ ఈ మాట చెప్పలేదు. ఎందుకు చెబుతారు?

అక్కడే నిలబడి చెప్పేశాను. "మీ అక్క మాట నేను పెద్దలకు చెప్పలేదు చెల్లె. చెప్పిన అని ఆమెకు అబద్ధమాడిన."

"మేమేమో అయ్యగారు విని గూడ కాదన్నడనుకున్నం" అంది. మేస్త్రీ కేకేస్తే వెళ్ళిపోయింది.

ఆ వారమే వికారాబాదు వెళ్ళి అయ్యగారి ముందు, తర్వాత పెద్దలందరి ముందు జరిగింది ఒప్పుకున్నాను. బడిపంతులు అప్పటికే చనిపోయాడు. ఆయన ఉండి నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. రైల్వే ఆయన, "అయిపోయినదాన్ని ఎందుకమ్మా తవ్వుతవు? నీ మనసు మంచిదే గద" అన్నాడు. నా తప్పు అంత తేలిగ్గా తీసిపారేస్తుంటే తల ఎత్తలేకపోయాను. అయ్యగారు మాత్రం, "నేనే ఆమెను పిలిచి అడగవలసింది" అన్నారు. తర్వాత, విశ్వాసంలోకి రాకముందే అయిన పెళ్ళిళ్ళను విడదీయకూడదని తీర్మానం రాసుకున్నారు.

చిన్నామెకూ ఆమె పిల్లకూ తాండూరులోనే బాప్తిస్మమిచ్చారు. పెద్దామె పెద్దపిల్లతో వచ్చి పక్కన నిలబడింది. భర్త రాలేదు. ఇక భర్త ఇంటికి తిరిగి పోవచ్చునని పెద్దలు చెబితే చిన్నామె ఒప్పుకోలేదు. "పొమ్మన్ననాడు నోరు మెదపనోడి ఇంటికి ఎట్ల పోత?" అంది.

అందరూ బయటికి వచ్చాక ఆమె దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను.

"నిన్ను ఏమంటలేను టీచరమ్మా" అంది. "అంటలేనని సంబురపడకు. ఏమనాల్నో ఎరుకలేక అంటలేను."

పెద్దామె నన్ను పలకరించలేదు. ఇద్దరూ పిల్లల్ని తీసుకొని అంగడి వైపు నడిచారు. వెంట పోదామని నేను రెండడుగులు వేశాను. వాళ్ళు పిలవలేదు. అక్కడే ఆగిపోయాను.