వెయ్యిన్ని ఇరవైనాలుగు కేబీల గండం

మ్యాపులు అచ్చువేసే ఆ ప్రెస్సులో దశాంశం గారంటే తెలియనివారు లేరు. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా బతికి లేదు. ఫైలు ఎంతుందని అడిగితే "రెండు ఎంబీ" అనరు, "రెండు పాయింటు ఒకటి" అంటారు. పాయింటు తర్వాత ఒక్క అంకె లేనిదే ఆయన నోరు పెగలదు.

కంప్యూటరు ఫైలు సైజును బైట్లలో, అంటే హనుమంతుడి తోకంత అంకెలో చెబుతుంది. దాన్ని కేబీలు, ఎంబీలుగా కుదించి మనుషులు చదివేలా చూపడానికి ఆయన సీ భాషలో ఒక ప్రోగ్రాం రాసి పదిహేనేళ్లయింది. కన్నబిడ్డలకన్నా దాన్నే బాగా చూసుకున్నారని ఇంట్లో అభియోగం. కొత్త మేనేజరుకేమో బయటి సాఫ్ట్‌వేర్ కొనాలని మహా ఉబలాటం. మధ్యాహ్నం మూడింటికి డైరెక్టర్లు వస్తారు. ఈ ప్రోగ్రాం చూపే ఫైళ్ల జాబితాలో ఒక్క తప్పు కనబడినా దీనికి నూకలు చెల్లినట్టే.

పదకొండింటికి మేనేజరు తెర మీద ఒక ఫైలు పక్కన వేలు పెట్టాడు.

"ఏవండీ, 1024.0 కేబీ అట! అంతైతే ఒక ఎంబీ అని మీరేగా నాకు క్లాసు పీకారు?"

దశాంశం గారు కోడంతా గాలించారు. 1024కు చేరితే ఎంబీ చెయ్యమని శుభ్రంగానే రాసి ఉంది. ఇంతలో ఇంటావిడ ఫోను. ఆవిడ కర్టెన్లు కుడుతుంది. భోంచేశారా అని అడగబోయి, ఆయన గోడంతా వినాల్సి వచ్చింది.

"అసలు లెక్క ఎంతొచ్చింది?"

"1023.99. ఇంకా 1024 కాలేదుగా, అందుకే కేబీలోనే ఉంచాను. తీరా చూపించేటప్పుడు పాయింటు తర్వాత ఒక్క అంకెకి సవరిస్తే 1024.0 అయి కూర్చుంది..."

"ఇంకేం, నిండిపోయింది! గుడ్డ పన్నెండంగుళాలకి వెంట్రుకవాసి తక్కువుంటే నేను ముందు పన్నెండనుకుని, ఆనక అడుగని రాస్తాను. మీరు ముందే అంగుళాలని తేల్చేసి, ఆనక పన్నెండు చేస్తున్నారు. చూసినవాళ్లు నవ్వరూ?"

"నీకు సీ భాష ఎప్పుడొచ్చిందే?"

"నాకు టేపు భాష చాల్లెండి. ముందు భోంచెయ్యండి."

ఆయన భోంచెయ్యలేదు. ఎంబీకి మార్చే హద్దుగా 1024 ఉన్నచోట 1023.95 పెట్టారు; సవరిస్తే 1024.0 అయ్యేది అక్కణ్నుంచేగా.

మూడింటికి డైరెక్టర్లు జాబితా పైనుంచి కిందికి చూశారు. ఆ ఫైలు పక్కన "1.0 ఎంబీ" బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇంత తేటగా ఉంటే ఇంకోటి కొనడం దేనికయ్యా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"అదే సార్, నేనూ మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను" అన్నాడు మేనేజరు, కొనుగోలు కాగితాన్ని జేబులోకి తోస్తూ.

ఇప్పుడు ఆ కోడులో, ఆ సంఖ్య పక్కనే, రాబోయే తరాల హెచ్చరికార్థం ఒక వాక్యం ఉంది: "ఇది 1024 ఎందుకు కాదని నన్నడగొద్దు, మా ఆవిడనడగండి."