వేడి అనుకున్న ఆరు రోజులు

నాకున్న జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్. మా అమ్మకు ఆ పేరు ఒక్కసారి కూడా నోరు తిరగలేదు, నేనూ తిప్పించే ఓపిక తెచ్చుకోలేదు. "నరాల బలహీనతండి, అంతే" అని రేపల్లెలో అడిగినవాళ్లందరికీ చెప్పుకొచ్చింది. నరాల బలహీనత అంటే మా వైపు మందు అందరికీ తెలుసు: బీ కాంప్లెక్స్ మాత్రలు, నువ్వుల నూనె మర్దనా, రోజుకో గుడ్డు. నాది అది కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి నరాల మీది పొరను తినేసే జబ్బు. పెళ్లికి ముందు ఒకసారి ఎడమ కన్ను మసకబారింది. పెళ్లయ్యాక ఒకసారి కాళ్లు మొద్దుబారాయి. అప్పుడు గుంటూరులో స్కానింగ్ తీస్తే బయటపడింది. అప్పట్నుంచి రోజుకో మాత్ర వేసుకుంటూ, తెనాలి అత్తగారింటి నుంచి బాపట్ల ఆఫీసుకు రైల్లో తిరుగుతూ మామూలుగానే బతికాను.

పిల్లలు కావాలనుకున్నప్పుడు నరాల డాక్టర్‌గారు ముందే ఆ మాత్ర ఆపించారు. ఆవిడ మాటలు నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"కడుపుతో ఉన్నన్నాళ్లూ జబ్బు కాస్త అణిగే ఉంటుందమ్మా. కాన్పయ్యాక మొదటి మూడు నెలలే కాచుకోవాలి. కొత్త ఎటాక్ రాకపోతే పాలిచ్చుకో. వచ్చిందా, వెంటనే మాత్ర మొదలుపెట్టాలి, పాలు మాన్పించాలి."

"మాన్పించక తప్పదాండీ?"

"మందు పాలల్లోకి దిగుతుంది. తప్పదు."

ఆవిడ అన్నట్టే కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ నేను నిక్షేపంలా ఉన్నాను. ఎనిమిదో నెలలో కూడా బాపట్ల స్టేషన్ మెట్లు గబగబా ఎక్కుతుంటే తోటి ఉద్యోగులు తిట్టేవాళ్లు. ఇంట్లో మాత్రం నన్ను గాజుబొమ్మను చేసి కూర్చోబెట్టారు. కత్తిపీట ముట్టుకోనివ్వరు, బిందె ఎత్తనివ్వరు. తెనాలి ఆసుపత్రిలో పాప పుట్టిన రెండో రోజున నేను నిద్రపోతున్నాననుకుని అత్తయ్య మావారితో మెల్లగా అంది: "ఒరేయ్, పిల్లని అమ్మాయి చేతికి ఒంటరిగా ఇవ్వకు. పట్టు తప్పి వదిలేస్తుందేమో."

ఆవిడ చెడ్డది కాదు. భయంతో అన్న మాటే. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లకు నీళ్లు పోసేది ఒకరు, జోకొట్టేది ఒకరు, గుడ్డలు మార్చేది ఒకరు. నా బదులు ఎవరూ చేయలేని పని ఒక్కటే మిగిలింది, పాలివ్వడం. మూడు నెలలు కాదు, ఏడాది ఇస్తాను, ఎవరు ఆపుతారో చూస్తాను అని పంతం పట్టాను.

పదకొండో రోజున పురుడు కడిగాక రేపల్లె పుట్టింటికి వచ్చాను. మా నాన్నది చేపల వ్యాపారం. నిజాంపట్నం రేవులో సరుకు కొని ఐసు పెట్టెల్లో తెచ్చేవాడు. పాలు బాగా పడతాయని ఏరి కోరి పాలసొర తెచ్చాడు, అమ్మ దాన్ని వెల్లుల్లి వేసి పిట్టు చేసి పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. గొడవంతా స్నానం దగ్గర వచ్చింది.

బాలింత స్నానం అంటే మా అమ్మ దృష్టిలో నీళ్లు తెర్లాలి. పైగా కూతురికి నరాల బలహీనత ఆయె! పక్కింటి పిన్ని ఒకవైపు, అమ్మ ఒకవైపు చెంబులు ముంచి నడుం మీద కొట్టి కొట్టి పోశారు. ఆ వెంటనే చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీలు మూసిన గదిలో నులక మంచం, కింద సాంబ్రాణి పొగ. ఫ్యాను స్విచ్ మీద చెయ్యి వేస్తే ఇద్దరూ ఒకేసారి అరిచారు. పావుగంటకు నా ఎడమ కన్ను ముందు బూడిద రంగు తెర దిగింది. లేవబోతే కాళ్లు నావి కాకుండా పోయాయి. ఇంకేముంది, వచ్చేసింది, పాలు పోయాయి అనుకుని గోడకు ఆనుకుని బావురుమన్నాను.

ఫోన్ చేస్తే డాక్టర్‌గారు అడిగిన మొదటి ప్రశ్న, "వేడినీళ్లు పోసుకున్నావా?" ఒంట్లో వేడి పెరిగితే పాత దెబ్బలే మళ్లీ తలెత్తుతాయట, అది కొత్త ఎటాక్ కాదట. "చల్లబడు, గంటలో సర్దుకుంటుంది. ఒక రోజు దాటినా సర్దుకోకపోతే మాత్రం ఆగొద్దు. నాకు ఫోన్ చెయ్యి" అన్నారు.

అమ్మ నమ్మితేగా! "బాలింతకి చన్నీళ్లా? ఏ దేశంలో ఉందే ఆ చోద్యం? వాతం కమ్మితే ఆ డాక్టరమ్మ వచ్చి చేస్తుందా?" అంది. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేనూ తక్కువ తినలేదు, అనరాని మాటలు అన్నాను. చివరికి నాన్న వెళ్లి చేపల పెట్టెలోంచి ఐసు తెచ్చి, తువ్వాలులో చుట్టి నా మెడ మీద పెట్టాడు. ఆ నీచువాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అరగంటలో కన్ను తేటపడింది. గోడ మీది క్యాలెండర్లో అంకెలు చదివి వినిపించాను. అమ్మ చెంబు కింద పెట్టేసి, "మరి నాకేం తెలుసు తల్లీ" అని ఏడ్చింది.

ఆ రోజు నుంచి అమ్మ పూర్తిగా మారిపోయింది. గోరువెచ్చని నీళ్లే. ఫ్యాను ఆగితే విసనకర్ర పట్టుకుని కూర్చునేది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకుంటే, "మా అమ్మాయికి వేడి పడదండి, నరాల్లో అలా ఉంది" అని గట్టిగా సమాధానం చెప్పేది. కాస్త తూలినా వేడే, కన్ను మసకేసినా వేడే. తువ్వాలు తడిపితే తగ్గిపోయేది కూడా. ఎనిమిది వారాలు అలా గడిచాయి. పాప బొద్దుగా తయారైంది. అత్తయ్య తెనాలి నుంచి వచ్చి చూసి, "నీ పాలు బాగా ఒంటబట్టాయమ్మాయ్" అంటే నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

తొమ్మిదో వారం రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు పాప చొక్కా బొత్తాం పెట్టబోతే నా కుడిచేతి వేళ్లకు అది తగల్లేదు. కళ్లకు కనిపిస్తోంది, వేళ్లకు తెలియడం లేదు.

"వేడేనే, కరెంటు రానీ" అంది అమ్మ.

కరెంటు వచ్చింది. ఐసు పెట్టుకున్నాను. రెండుసార్లు స్నానం చేశాను. మర్నాటికి తగ్గలేదు. డాక్టర్‌గారు చెప్పిన ఒక రోజు దాటిపోయింది, ఆ సంగతి నాకు తెలుసు. ఎండ ఇలా ఉంటే ఒక రోజులో ఎలా తగ్గుతుంది, వాన పడనీ అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎడమ చేత్తో అన్నం తిన్నాను. మావారు తెనాలి నుంచి ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెప్పాను. మూడో రోజున అమ్మకే అనుమానం వచ్చింది.

"ఈసారి తగ్గట్లేదేంటే? ఒకసారి డాక్టరమ్మకి చెప్పకూడదూ?"

"వేడేనని చెప్పాగా! నువ్వేమైనా డాక్టరువా? ఊరుకో" అని అరిచాను. ఎన్నడూ లేనిది, అమ్మ నిజంగానే ఊరుకుంది.

అది వేడి కాదని నాకు తెలుసు. మొద్దుబారడం ముంజేయి దాకా పాకుతుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ ఫోన్ చేస్తే పాలు మానాలి. ఈ పూట ఇస్తాను, రేపు చేస్తాను అనుకుంటూ ఆరు రోజులు నెట్టుకొచ్చాను.

ఆరో రోజు పొద్దున పాలిస్తుండగా పాప నా కుడిచేతి మీంచి జారిపోయింది. కింద పరుపుంది కాబట్టి సరిపోయింది, దెబ్బ తగల్లేదు. కానీ అది జారిన సంగతి నా చేతికి తెలియలేదు, దాని ఏడుపు విని తెలుసుకున్నాను. అత్తయ్య ఆసుపత్రిలో అన్న మాట నిజమైపోయిందే అని సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న పాపను ఎత్తుకుని, రెండో చేత్తో మావారికి ఫోన్ చేశాడు.

గుంటూరు ఆసుపత్రిలో సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించారు. మాత్ర మొదలుపెట్టారు. పాప రేపల్లెలో సీసా పాలకు మూతి తిప్పేసి రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చిందని తర్వాత చెప్పారు. తిరిగి వచ్చాక పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లయ్యాయి. పాలు ఇంకిపోవాలని అమ్మ మూరలకు మూరలు మల్లెపూలు తెచ్చి రవికెలో పెట్టి కట్టింది. పక్క గదిలో పిల్ల ఏడుస్తుంటే నా పాలు పొంగి ఆ పూలన్నీ తడిసిపోయేవి. జన్మలో మళ్లీ మల్లెపూలు తల్లో పెట్టుకోలేదు.

"మొదటి రోజే వచ్చి ఉంటే చెయ్యి పూర్తిగా వచ్చేదాండీ?" అని డాక్టర్‌గారిని అడిగాను. ఆవిడ చాలాసేపు నా వేళ్లు వంచి చూశారు. "అప్పుడు వచ్చినా ఇంతేనేమో, చెప్పలేనమ్మా. కానీ రావాల్సింది" అన్నారు. బాగా తిట్టినా నాకు కాస్త హాయిగా ఉండేది.

మా అమ్మ మాత్రం తనే "వేడే" అని మొదలుపెట్టానని ఈ రోజుకీ కుమిలిపోతుంది. నేను అరిచి నోరు మూయించిన సంగతి ఆవిడకు గుర్తు లేదు. నేనూ గుర్తు చేయలేదు. అంత ధైర్యం నాకు లేదు.

చెయ్యి కొంత తిరిగి వచ్చింది. చెంచా పట్టుకుంటాను, సంతకం పెడతాను, బాపట్ల ఆఫీసులో కంప్యూటర్ మీద నెమ్మదిగా పనిచేస్తాను. వేళ్ల చివర్లకు స్పర్శ రాలేదు. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు దాటాయి. జుట్టు భుజాలు దాటింది. తెనాలిలో రోజూ పొద్దున వాళ్ల నాన్న జడ వేసి బడికి పంపిస్తాడు.

మొన్న సోమవారం ఆయన ఊళ్లో లేరు. అత్తయ్య పూజలో ఉంది. పాప దువ్వెన, రిబ్బను తెచ్చి నా ఒళ్లో పడేసి, వీపు తిప్పి కూర్చుంది. "అందరికీ వాళ్లమ్మే వేస్తుందంట. నువ్వే వెయ్యి" అంది. మూడు పాయలు తీశాను. అది తల కదపకుండా, బయట ఆటో హారన్ కొడుతున్నా కదలకుండా, బుద్ధిగా కూర్చుంది.

"అయిందా అమ్మా?"

"అయిపోతోంది నాన్నా" అన్నాను. రెండు పాయలు నా ఎడమ చేతిలో ఉన్నాయి. మూడోది కుడిచేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు.