సగంలో ఆగిన మందుపాతర పాఠం

పక్క దేశానికి మనవాళ్లు ఆయుధాలిచ్చారని, వాళ్ల సైనికులకు శిక్షణ ఇస్తున్నారని పేపర్లో చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ప్రొద్దుటూరులో ఉండే మా మామ మాత్రం తేలిగ్గా తీసుకుంటాడు. "ఊరికే యాడన్నా ఇస్తారాప్పా? ఇచ్చినోని మాట ఇనాలనే ఇస్తారు" అంటాడు. ఆయనన్నది నిజమే. సైన్యంలో ఉండగా నేను కళ్లారా చూశాను.

భూమిలో పాతిన మందుపాతరలను వెతికి తీయడం నేర్పించేవాణ్ని. మన ప్రభుత్వం స్నేహం కొద్దీ పిలిపించిన పరదేశపు సైనికులూ నా దగ్గరికి వచ్చేవారు. వాళ్లలో ఒక రైతుబిడ్డ ఉండేవాడు. యుద్ధంలో ఎవరో వాళ్ల పొలం నిండా మందుపాతరలు పాతారట. వాటిలో ఒకదాని మీద అడుగేసి వాళ్లన్న కాలు పోగొట్టుకున్నాడు. "మా పొలం కోసమే నేర్చుకుంటున్నా సార్" అన్నాడు వచ్చీరాని హిందీలో. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ పండించే ఇంట్లో పుట్టిన నాకు ఇంకేం చెప్పాలి? వాడంటే ప్రాణమైపోయింది.

ముందు వెతకడం నేర్పాం. మోకాళ్ల మీద కూర్చుని, సన్నటి చువ్వతో మట్టిని ఏటవాలుగా గుచ్చుతూ పోవాలి. తీయడం వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దని రోజూ పోరేవాణ్ని.

తీయడం మొదలుపెట్టాల్సిన ఉదయం, వాళ్లను తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. వాళ్ల ప్రభుత్వం మనకు గిట్టని దేశంతో ఒప్పందం చేసుకుందట. అందుకని మనవాళ్లు శిక్షణ ఆపేశారు. నేను పై అధికారి దగ్గరికి పరిగెత్తాను. "ఒక్క వారం ఉండనీయండి సార్, ఇట్లా సగం నేర్చుకుని పోతే చచ్చిపోతారు" అన్నాను. ఢిల్లీ మాట, తన చేతుల్లో లేదన్నాడాయన. ఆ రైతుబిడ్డ లారీలోంచి దండం పెట్టాడు.

రిటైరై పులివెందులలో స్థిరపడ్డాను. పోయిన చలికాలంలో వాడు ఫోన్ చేశాడు. బతికున్నాడని తెలిసి ఏడుపొచ్చింది. పొలమంతా తనే వెతికానని వీడియోలో చూపించాడు. దొరికిన చోటల్లా ఎర్రగుడ్డ కట్టిన పుల్ల పాతాడు. ఎటు చూసినా పుల్లలే, మధ్యలో పిచ్చిగడ్డి. గట్టు మీద వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు.

"మీరు చెప్పారని ఒక్కటీ ముట్టుకోలేదు సార్. ఇప్పుడు తీయడం చెప్పండి" అన్నాడు.

అది పక్కన కూర్చుని, చేయి పట్టుకుని నేర్పాల్సిన పని. ఫోన్‌లో చెబితే వాణ్ని నేనే చంపినట్టు. చెప్పనన్నాను.

"అయితే మన దేశాలు మళ్లీ ఎప్పుడు కలుస్తాయి సార్? నాన్నకు ఏం చెప్పమంటారు?" అన్నాడు.