పాట మధ్యలో మాంసం

నోరీన్ ట్రెగార్థెన్‌కి ఒకే ఒక్క అలవాటు ఉంది. ఎంత గొప్పవాడు పాడుతున్నా సరే, పాట మధ్యలో వేదిక ఎక్కి మాంసం లాటరీ తీస్తుంది.

మధ్యలో అంటే పాటకీ పాటకీ మధ్యలో అనుకునేరు. కాదు. పల్లవికీ చరణానికీ మధ్యలో. ఒక్కోసారి మాటకీ మాటకీ మధ్యలో. పాడేవాడు ప్రేయసి పేరు చెప్పడానికి నోరు తెరుస్తాడు, హాల్లో అందరికీ సాసేజీలు వినిపిస్తాయి.

పోర్ట్ కెర్రిక్ రేవులో కెర్రిక్ హోటల్ ఆవిడది. పేరుకి హోటలే గానీ అది పబ్బు. పైన గదులున్నాయి, అడిగినవాళ్ళు లేరు. ఆదివారం మధ్యాహ్నం వెనక హాల్లో పాటకచేరీ ఉంటుంది. అక్కడ సౌండు చూసేది నేను. ధాన్యం గోదాముల్లో మోటార్లు బాగుచేసుకునేవాణ్ణి, పాత స్పీకర్లు విప్పి, కట్టి, కాల్చుకుని, మళ్ళీ విప్పి ఈ పని నేర్చుకున్నాను. ఆ హాల్లో ఏ మూల బేస్ ఉబ్బుతుందో, ఏ వైరు వానాకాలంలో గొణుగుతుందో నాకు తెలుసు. నోరీన్ ఎప్పుడు వస్తుందో మాత్రం తెలీదు.

గోడమీద కాగితంలో అయిదింటికి అని ఉంటుంది. ఆ కాగితం నోరీనే రాసింది. దాన్ని పట్టించుకోనిది కూడా ఊళ్ళో ఆవిడొక్కతే. నాలుగింటికైనా రావచ్చు, ఆరింటికైనా రావచ్చు. ముందు బార్ వెనక ఇత్తడి గంట మోగుతుంది. తర్వాత ఆవిడ కనిపిస్తుంది. పొట్టి మనిషి, ఊదారంగు ఏప్రన్, రెండు చేతుల్లో పళ్ళెం. పళ్ళెంలో గొర్రె చాప్స్, సాసేజీలు, మంచి వారమైతే సగం కోడి, అన్నిటికీ కలిపి ప్లాస్టిక్ చుట్టి, లోపల అందానికి కొత్తిమీరలాంటి ఒక పార్స్లీ రెమ్మ. టికెట్ల మీద వచ్చిన డబ్బు ఆడపిల్లల నెట్‌బాల్ జట్టుకి వెళుతుంది. అందుకని ఎవరూ కాదనలేరు.

పాడేవాడి చేతిలోంచి మైకు తీసుకుని సరిగ్గా స్పీకర్ ముందుకెళ్ళి నిలబడుతుంది. అది కుయ్యిమని అరుస్తుంది. ప్రతి ఆదివారం అరుస్తుంది. ఆవిడ ప్రతి ఆదివారం నావైపు చూసి, "ఏమిటది బంగారం, చూసుకోవద్దూ?" అంటుంది.

ఆవిడ కోసం విడిగా ఒక మైకు కొని, ఎర్ర టేపు చుట్టి, బార్ దగ్గరే వేలాడదీశాను. ఆ కొక్కేనికి ఆవిడ ఏప్రన్ తగిలించుకుంది. మైకు సొరుగులో పెట్టింది, పటకార్ల పక్కన.

ఒకసారి అడిలైడ్ నుంచి ఓ బ్లూస్ గిటారిస్టు వచ్చాడు. పొడుగ్గా, నల్ల టోపీతో, చూడ్డానికే బాధగా ఉండే మనిషి. సోలో వాయిస్తూ వాయిస్తూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. ముఖంలో లోకంలోని దుఃఖమంతా ఉంది. హాలు ఊపిరి బిగబట్టింది. గంట మోగింది. అతను కళ్ళు తెరిచేసరికి ముక్కుకి ఎదురుగా గొర్రె చాప్స్ ఉన్నాయి.

"లే బంగారం, ఓ టికెట్ తియ్యి," అని నోరీన్ చెయ్యి అందించింది.

అతను లేచి టికెట్ తీశాడు. ఇంకేం చేస్తాడు.

మరోసారి పెర్త్ నుంచి నలుగురు వచ్చారు. వాళ్ళు వాయిస్తుంటే ఖాళీ గ్లాసులు ఏరేవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నేను మీటల మీంచి చెయ్యి తీసేశాను. సర్దడానికి ఏమీ లేదు. అంత చక్కగా సాగుతున్నదాన్ని నోరీన్ కత్తిరించినట్టు ఆపి, టికెట్ చూసి, "నీలం. ఎఫ్. డెబ్బై రెండు," అంది. వయొలిన్ అమ్మాయి కమాను గాల్లోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి వెళ్ళి ఓ పత్రికవాళ్ళకి చెప్పుకుంది. దేశంలో వెళ్ళి వినదగ్గ చోట్లన్నీ వరసగా వేసినప్పుడు ఆ పత్రిక మా గురించి రెండు ముక్కలు రాసింది: సౌండు బాగుంది, మాంసం తప్పదు.

నోరీన్ దాన్ని కత్తిరించి బార్ వెనక అంటించింది. "చూశావా, మన మాంసం గురించి రాశారు," అంది.

"సౌండు గురించి కూడా రాశారు."

"ఆఁ, అదీ ఉంది."

నేను చెప్పి చూశాను. "పాటకీ పాటకీ మధ్య తియ్యొచ్చుగా నోరీన్?"

"అప్పుడందరూ బీరు కోసం లేస్తారు. వినేదెవరు?"

"పోనీ చివర్న?"

"చివరిదాకా మాంసం బయట పెడతారా ఎవరైనా?"

"నీకసలు పాటంటే ఏమైనా తెలుసా?"

"బొత్తిగా తెలీదు బంగారం," అని గ్లాసు తుడుచుకుంది. ఆ మాట ఆవిడ అందరికీ చెప్పేది. అందరూ నమ్మేవాళ్ళు. నమ్మకపోవడానికి కారణం కూడా లేదు.

క్లెమ్ హోస్కింగ్ మా ఊరివాడు. చేపల పడవ నడిపేవాడు. తన పాటలు తనే కట్టుకునేవాడు, ఎక్కువగా రేవు మీద, గాలి మీద, తిరిగిరాని పడవల మీద. కిందటి చలికాలంలో తలలో ఏదో చిన్న నరం మొరాయించి ఆస్పత్రిలో పడ్డాడు. చెయ్యీ కాలూ బాగానే తిరిగొచ్చాయి. మాటలు మాత్రం అప్పుడప్పుడూ జారిపోయేవి. ఉప్పు అడగబోయి దాని పేరు దొరక్క ఉప్పుడబ్బా వంక కోపంగా చూసేవాడు.

ఆ వసంతంలో అడిలైడ్ కొండల్లో జరిగే జానపద ఉత్సవానికి పాటగాళ్ళని ఎంచే ఫిలిప్పా అనే ఆవిడ, ఫలానా ఆదివారం వచ్చి క్లెమ్‌ని వింటానని కబురు పెట్టింది. క్లెమ్ ఆ ఉత్సవం కోసం ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నాడో ఊరందరికీ తెలుసు. అతను నా దగ్గరికి వచ్చి, గిటారు పెట్టె కింద పెట్టకుండానే చెప్పాడు.

"లైల్, ఇది కుదిరితే సరే. నలుగురి ముందూ నోరు ఎండిపోయిందనుకో, ఇంక ఈ పెట్టె తెరవను. ముందే చెప్తున్నా, తర్వాత బతిమాలొద్దు."

"నీ నోరు ఎండదు. నీకు కావాల్సిన సౌండు నేనిస్తాను."

"నీ సంగతి కాదు గురూ. ఆ చాప్స్ సంగతి."

తిన్నగా నోరీన్ దగ్గరికి వెళ్ళాను. "ఈ ఒక్క వారం మాంసం వద్దు."

"సరే బంగారం."

అంత సులువుగా ఒప్పుకుంటే అనుమానం రాదూ? "ఒట్టేనా?"

"అవసరం లేకపోతే రాను."

"మాంసానికి అవసరమేమిటి?"

"బయట పెడితే పాడవుతుంది కదా," అంది.

ఆదివారం వచ్చింది. ఫిలిప్పా కూడా వచ్చింది. నార చొక్కా, వెండి గాజులు, మెత్తటి గొంతు. గుమ్మం దగ్గర నోరీన్ ఆవిడకి లాటరీ టికెట్ అంటగట్టింది. అది లేకుండా ఎవరూ లోపలికి రాలేరు. ఆరోగ్యశాఖవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు వాళ్ళూ కొన్నారు.

క్లెమ్ మొదటి మూడు పాటలూ నిలబెట్టాడు. నాలుగోది అతని పాటలన్నిట్లోకీ మంచిది. వంతెన చివర దీపం ఎవరు వెలిగించారో ఎవరికీ తెలీని రాత్రి గురించి. మొదటి చరణం అయింది. గిటారు మీద రెండు స్వరాల మధ్య అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. తిరుగుతూనే ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. సముద్రం ఊగుతున్నట్టే ఉంది. ఫిలిప్పా ముందుకి వంగింది. ఎంత నిబ్బరం, తొందరే లేదు మనిషికి, అనుకుని నేను కాస్త ఎకో కూడా కలిపాను.

గంట మోగింది.

నా చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్ళింది. నోట్లోంచి ఒక మాట వచ్చింది, అది ఇక్కడ రాయను. నోరీన్ మెట్లెక్కి, మైకు లాక్కుని, స్పీకర్ ముందు నిలబడింది. అది అరిచింది.

"ఏమిటది లైల్? చూసుకోవద్దూ? క్లెమ్, ఇది కాస్త పట్టుకో." పళ్ళెం అతని చేతుల్లో పెట్టేసింది. అతను గిటారు వదిలి రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. "పచ్చ. డి. ముప్పై ఎనిమిది."

ఎవరూ పలకలేదు.

"పచ్చ, డి, ముప్పై ఎనిమిది. ఎవరో ఒకరు కొన్నారు, నేనే అమ్మాను."

"క్లెమ్‌కే ఇచ్చెయ్ నోరీన్, చిక్కిపోయాడు," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"వాడికిస్తే అన్నీ పక్షులకి పెడతాడు."

"సాసేజీలు పెట్టను," అన్నాడు క్లెమ్.

హాలంతా నవ్వింది. "పచ్చ అంటే మరీ ఆకుపచ్చ కాదు. కొంచెం నీలం కలిసి ఉంటుంది. అందరూ జేబులు చూసుకోండి. పక్కవాళ్ళ జేబులు కాదు, మీవి," అంది నోరీన్.

అప్పుడు ముందు వరసలో వెండి గాజుల చెయ్యి మెల్లిగా లేచింది. "నాదే అనుకుంటాను. కానీ నేను మాంసం తిననండీ," అంది ఫిలిప్పా.

"తినమని ఎవరన్నారు బంగారం? గెలిచావన్నాం."

క్లెమ్‌కి నవ్వు వచ్చింది. ముందు పొట్ట కదిలింది, తర్వాత పళ్ళెం, తర్వాత పళ్ళెంలో పార్స్లీ. అలాగే నవ్వుకుంటూ వేదిక అంచుకొచ్చి, వంగి, పళ్ళెం ఫిలిప్పా ఒళ్ళో పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, గిటారు అందుకుని, ఆగిన చోటే రెండో చరణం ఎత్తుకున్నాడు. నేను ఆ గొంతు అలా ఎప్పుడూ వినలేదు. ఫిలిప్పా చాప్స్ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా చివరిదాకా వింది.

అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చింది. నేను క్షమాపణకి గొంతు సవరించుకున్నాను.

"ఆ మాంసం ఘట్టం ముందే అనుకున్నదా?" అంది.

"లేదండీ, ఆవిడ..."

"అద్భుతం. జానపదం అంటే అదీ. ఆయన్ని పిలుస్తున్నాం. ఆవిణ్ణి కూడా పంపగలరా?"

వెనకనుంచి నోరీన్ గొంతు: "ఆదివారాలు నాకు కుదరదు బంగారం."

ఫిలిప్పా పళ్ళెం నాకిచ్చి వెళ్ళింది. నేను కోపంగా ఉన్నాను గనక వద్దనాలి. అనలేదు.

బయట క్లెమ్ గిటారు బండిలో పెడుతున్నాడు. "అంత మంచి ఊపులో ఉండగా పాడుచేసింది," అన్నాను.

క్లెమ్ నన్ను వింతగా చూశాడు. "ఊపేమిటి గురూ? రెండో చరణం పోయింది. ఒక్క ముక్క లేదు. ఆ రెండు స్వరాలూ పట్టుకుని వేలాడుతున్నాను. గిటారు దించేసి దిగిపోదామనుకుంటున్నాను, గంట మోగింది. నీకు తెలీలేదూ?"

"తెలీలేదు. ఎకో కలిపాను."

"అవును, నా తెల్లముఖం నాకే రెండుసార్లు వినిపించింది," అన్నాడు.

లోపలికొచ్చాను. నోరీన్ బల్లలు తుడుస్తోంది. నేనొక గుడ్డ తీసుకుని పక్క బల్ల మొదలుపెట్టాను.

"క్లెమ్ మర్చిపోయినట్టు నీకెలా తెలిసింది? నీకు పాట తెలీదుగా."

"తెలీదు. అందుకే మనిషిని చూస్తాను. అక్కడ చూడ్డానికి ఇంకేముంది?"

"మరి ఆ మోకాళ్ళ మీద కూర్చున్నవాడు?"

"వాడికి కాలు పట్టేసింది బంగారం. లేవలేక అలా వాయిస్తూ ఉన్నాడు. ఎంతసేపని వాయిస్తాడు పాపం?"

"పెర్త్ వాళ్ళకేం పట్టేసింది? వాళ్ళు చక్కగా వాయించారే."

నోరీన్ గుడ్డ పిండింది. "చక్కగా వాయించేవాళ్ళనీ ఆపాలిగా. తడబడ్డవాణ్ణొక్కణ్ణే ఆపితే, ఎందుకు ఆపానో వాడికి తెలిసిపోదూ? హాలుకీ తెలిసిపోతుంది. ఇప్పుడైతే ఎవడైనా నన్నే తిట్టుకుంటాడు."

నేను తుడిచిన బల్లే మళ్ళీ తుడిచాను.

"మా చెల్లి పెళ్ళిలో నన్ను పాడమన్నారు," అంది నోరీన్, బల్ల వంకే చూస్తూ. "సగంలో ఆగిపోయింది. అందరూ మర్యాదగా, నిశ్శబ్దంగా, మళ్ళీ ఎత్తుకుంటుందేమోనని చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపో కూర్చున్నారు. ఒక్కరూ మాంసం తేలేదు."

తర్వాతి ఆదివారం అడిలైడ్ నుంచి అయిదుగురు కుర్రాళ్ళు వచ్చారు. ఒక్క తప్పు లేదు. చెమటలు పట్టించి వాయిస్తున్నారు, జనం బల్లలెక్కబోతున్నారు. ఆ పాట మంచి పట్టులో ఉండగా బార్ వెనక నోరీన్ ఏప్రన్ సరిచేసుకోవడం కనిపించింది. గంట మోగకముందే నేను గిటార్లు తగ్గించాను, స్పీకర్‌ని కాస్త పక్కకి తిప్పాను. ఆవిడ మైకు అందుకుంది. స్పీకర్ అరవలేదు. ఆవిడ కొంచెం అయోమయంగా నావైపు చూసి, "ఏమైంది బంగారం, పాడైందా?" అంది.

పాడే కుర్రాడు మండిపోతూ వేదిక దిగి నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఈవిడకి సంగీతమంటే ఏమైనా తెలుసా గురూ?"

"బొత్తిగా తెలీదు," అని, ఆవిడ మైకు ఇంకాస్త పెంచాను.