మా విల్మార్ నోట మొదటి పేరు

మా ఆయన విల్మార్ ముప్ఫై ఏళ్లు మోంటెవిడియో సిటీ బస్సులో కండక్టరు. కార్నివాల్ పండగ వస్తే వీధి బృందంలో పాడేవాడు. గొంతంటే ఆయనదే. అలాంటి మనిషికి ఒక పొద్దున మెదడులో నరం పూడుకుపోయి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, ఆయన చెప్పబోతే మాట దొరకదు.

పెళ్లయిన నాటి నుంచీ నన్ను 'ముసలీ' అనే పిలిచాడు. అప్పటికి నాకు ఇరవై. ఆ పిలుపు మళ్లీ ఒక్కసారి వింటే చాలనుకున్నాను. మూడు నెలలకు ఆయన నోట వచ్చిన మొదటి పేరు 'మికా'. ఆసుపత్రిలో మాటలు నేర్పే పిల్ల, మికాయెలా. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్ల ఆయన ఎడమచెయ్యి పట్టుకుని బల్ల మీద తాళం వేయిస్తూ మాటల్ని రాగం తీసి పాడించేది. పాట మెదడులో రెండోవైపు ఉంటుందట, అటునుంచి మాటను లాక్కురావచ్చట. దానికి చెయ్యి పట్టుకోవాలా ఏం? ఇంట్లో నేను చేసింది తక్కువా? ఆయన "ఉ..." అంటే చాలు, "ఉప్పా? ఉల్లిపాయా? ఉండు, తెస్తా" అనేదాన్ని. ఆయన మూతి ముడుచుకుని ఊరుకునేవాడు.

మా దగ్గర మాతే టీ పోసేది ఇంటికి ఒక్కరే. వాళ్ల చేతిలోంచి ఫ్లాస్కు లాక్కుంటే అవమానించినట్టే. మా ఇంట్లో పోసేది ఆయన. చెయ్యి కాల్చుకుంటాడని ఇప్పుడు నేనే లాక్కున్నాను.

ఒకరోజు ఆసుపత్రికి ముందుగా వెళ్లాను. ఆయన ఎడమచేత్తో మాతే పోస్తున్నాడు, ఆ పిల్లకి. పైగా "మికా... వేడి" అంటున్నాడు.

"బాగుంది సంబరం. ఇంట్లో పెళ్లానికి మూగనోము, ఇక్కడ ముచ్చట్లా? ఏం మందు పెట్టావే పిల్లా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "మందేం లేదమ్మా. ఆయన మాట వెతుక్కునేదాకా ఊరుకుంటాను, అంతే. మీరూ కూర్చోండి."

విల్మార్ నాకూ పోశాడు. సగం బల్ల మీదే ఒలికింది. నా వైపు చూసి "ము..." అన్నాడు.

"ముసలీ అనేనా? అను, అను, ముసలీ..."

ఆయన ఎడమచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. దెబ్బకొక ముక్క చొప్పున రాగం తీశాడు.

"ము-స-లీ... న-న్ను... చెప్-ప-నీ."

ఇన్నాళ్లూ ఆ పిల్ల మీద పడి ఏడ్చాను. ఇప్పుడు నోరు మూసుకున్నాను. తర్వాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది. పళ్ల కింద నా పెదవి చిట్లింది గానీ, మాట అందించలేదు.